ఓవర్‌క్లాకింగ్ - కాలిపోకపోతే క్షేమమేనా?

ఓవర్‌క్లాకింగ్ మాటెత్తితే చాలు, మన ఐటీ జనం రెండు పార్టీలుగా చీలిపోతారు. మొదటిది భయస్తుల పార్టీ. "అమ్మో, ప్రాసెసర్ కాలిపోతుంది, వారంటీ పోతుంది, మనకెందుకండీ ఇవన్నీ" అంటారు. రెండోది వీరుల పార్టీ. "ఏం కాదు బాస్, నాది రెండేళ్ళ నుంచీ 5.2 మీద నడుస్తోంది, ఇంతవరకూ ఏమీ కాలేదు" అంటారు. పైకి చూస్తే ఉప్పూ నిప్పూలా ఉంటారు గానీ, నా లెక్కలో ఇద్దరిదీ ఒకే పార్టీ. ఎందుకంటే "సేఫ్" అన్న మాటకి ఇద్దరూ ఒకే అర్థం చెప్పుకుంటున్నారు - కాలిపోకపోవడం. కాలుతుందేమో అని వీళ్ళు మానేశారు, కాలట్లేదు కదా అని వాళ్ళు చేసేశారు. అంతే తేడా.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఇవాళ్టి ప్రాసెసర్‌ని కాల్చడం చాలా కష్టం. దానిచేత తప్పు లెక్క చెప్పించడం మాత్రం చాలా తేలిక. సేఫ్‌గా ఓవర్‌క్లాక్ చెయ్యడం అంటే చిప్పు బతికుందా లేదా అని చూసుకోవడం కాదు, అది నిజం చెబుతోందా లేదా అని చూసుకోవడం. సెలవుల్లో గేములాడుకునే పదో తరగతి కుర్రాడికి ఈ తేడా తెలియకపోతే పోనీలే అనుకోవచ్చు. పొద్దస్తమానం రిగ్రెషన్ టెస్టులు, కోడ్ కవరేజీ, క్యూఏ సైనాఫ్ అంటూ ఊదరగొట్టే మనం కూడా, ఇంటికెళ్ళి బయోస్‌లో నాలుగు నంబర్లు మార్చేసి, విండోస్ బూట్ అయింది కాబట్టి స్టేబుల్ అని ప్రకటించేస్తే ఎలాగండీ? మీ జూనియర్ వచ్చి "సార్, కంపైల్ అయిపోయింది, ప్రొడక్షన్‌లో పెట్టేద్దాం" అంటే ఊరుకుంటారా?

అసలు లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ప్రాసెసర్‌లో ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి బయల్దేరిన సిగ్నల్ కొన్ని గేట్లు దాటుకుని ఇంకో ఫ్లిప్‌ఫ్లాప్ దగ్గరికి చేరాలి. ఎంతలోగా? తర్వాతి క్లాక్ టిక్కు పడే లోగా. 5 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య ఉండేది 200 పికోసెకన్లు. 5.5 కి పెంచితే అది 182 అవుతుంది. ఆ 18 పికోసెకన్లు ఎవరి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు? అన్నిటికన్నా పొడుగు దారిలో వస్తున్న సిగ్నల్‌ది. రైలెక్కాల్సిన మనిషి ప్లాట్‌ఫారం మీదకి చేరకముందే గార్డు పచ్చజెండా ఊపేశాడనుకోండి, రైలు ఆగదు. పైగా ఆ బెర్తులో పాత ప్యాసెంజరే ఇంకా కూర్చుని ఉంటాడు, టీసీ వచ్చి అతన్నే కొత్తవాడనుకుని చార్టులో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోతాడు. అచ్చం ఇదే జరుగుతుంది. రావాల్సిన 1 రాకముందే అక్కడున్న పాత 0 ని చిప్పు జవాబుగా తీసేసుకుంటుంది. ఎక్సెప్షన్ లేదు, ఎర్రర్ కోడ్ లేదు, బ్లూ స్క్రీన్ కూడా ఉండక్కర్లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. దారులన్నీ ఒకే పొడుగుండవు. ఒక రకం ఇన్‌స్ట్రక్షన్‌కి, ఒక రకం డేటా పడినప్పుడు మాత్రమే ఆ పొడుగు దారి వాడకంలోకొస్తుంది. అంచేత మీ మెషీన్ కోట్ల లెక్కలు ఒప్పు చెప్పి ఒక్కటి తప్పు చెప్పొచ్చు. డెస్క్‌టాప్ చిప్పుల్లో కేషులకి పారిటీ, ఈసీసీ లాంటి కాపలా ఉంటుంది గానీ, ఒక గుణకారం ఫలితం సరిగ్గా వచ్చిందా లేదా అని రెండోసారి చూసే నాథుడు మామూలుగా ఉండడు. ఆ ఒక్క తప్పు ఎక్కడ పడుతుందనేది మీ అదృష్టం. వీడియోలో ఒక పిక్సెల్ మీద పడితే మీకు తెలీదు. పాయింటర్ మీద పడితే క్రాష్. జిప్ ఫైల్ మీద పడితే, మూడేళ్ళ తర్వాత దాన్ని తెరవబోయిన రోజున తెలుస్తుంది. ఈ మూడింట్లో అందరూ భయపడేది క్రాష్‌కి. నన్నడిగితే క్రాష్ దేవుడిచ్చిన వరం, కనీసం చెప్పి చేస్తుంది.

"నాకు ఇంతవరకూ ఏం కాలేదు" అనే వీరులకి నా ప్రశ్న కూడా ఇదే. కాలేదని మీకెలా తెలుసు? ఏ రోజైనా జవాబులు సరిచూశారా?

మా టీములో ఒకతను ఉండేవాడు. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పని కాబట్టి సొంత డెస్క్‌టాప్ మీదే బిల్డులు చేసేవాడు. అతని మెషీన్‌లో మాత్రమే బిల్డు మధ్యలో కంపైలరే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోయేది. "అన్నా, ఇది జీసీసీ బగ్గే, చూడు" అని లాగులు పంపేవాడు. నాలుగు లాగులు పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు ఫైళ్ళ దగ్గర పడింది. సోర్సు అదే, కంపైలర్ అదే, పడే చోటు మాత్రం మారుతోంది. మళ్ళీ రన్ చేస్తే సాఫీగా అయిపోతోంది. లినక్స్‌తో పాతికేళ్ళ కిందట కుస్తీ పట్టిన వాళ్ళకి "సిగ్నల్ 11" పేరుతో ఈ రోగం బాగా పరిచయం. బగ్గు సాఫ్ట్‌వేర్‌దైతే ఒకే చోట పడుతుంది, చోటు మారుతూ ఉంటే హార్డ్‌వేర్‌ని అనుమానించు అన్నది అప్పటి సూత్రం. "మెషీన్ ఓవర్‌క్లాక్ చేశావా?" అంటే, "చేశాను గానీ అది రాక్ స్టేబుల్ అన్నా, గేములు గంటలకొద్దీ ఆడతాను" అన్నాడు. డిఫాల్టుకి తీసుకొస్తే రోగం కుదిరింది. ఈలోగా టీములో ముగ్గురం లేని బగ్గు కోసం నాలుగు రోజులు తవ్వాం.

ఈ కథ కొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్ట్‌లో రేమండ్ చెన్ అనే సీనియర్ ఇంజనీరు 2005 లోనే రాశాడు. విండోస్ క్రాష్ రిపోర్టుల్లో అసలు క్రాష్ అవడానికి వీల్లేని ఇన్‌స్ట్రక్షన్ల దగ్గర ప్రోగ్రాములు పడిపోతున్నాయట. ఒక రిజిస్టర్‌ని సున్నా చేసే ఇన్‌స్ట్రక్షన్, మెమరీ జోలికే వెళ్ళనిది, అది పడిపోవడమేమిటి? ఆరా తీస్తే ఓవర్‌క్లాక్ అయిన మెషీన్లు. ఇంకా తమాషా ఏమిటంటే వాటి యజమానుల్లో కొందరికి తమది ఓవర్‌క్లాక్ అయిన మెషీనని కూడా తెలీదు, అమ్మిన చిన్న షాపువాడే పెంచేసి అంటగట్టాడు. 2011 లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు సుమారు పది లక్షల పీసీల క్రాష్ డేటాని తిరగేసి ఒక పేపరు వేశారు. కొద్దిపాటి ఓవర్‌క్లాకింగ్ కూడా ఫెయిల్యూర్లని గణనీయంగా పెంచుతోందనీ, రేటెడ్ స్పీడు కన్నా తగ్గించి నడిపే మెషీన్లు మామూలు వాటికన్నా నమ్మకంగా ఉంటున్నాయనీ తేల్చారు.

ఓవర్‌క్లాక్ చెయ్యని చిప్పులు మాత్రం సత్యహరిశ్చంద్రులా? అదీ కాదు. 2021 లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు రాసిన పేపర్లో ఒక ఉదాహరణ నాకు కళ్ళ ముందే ఉంటుంది. 1.1 ని 53 వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకం తీస్తే 156 రావాలి. వాళ్ళ సర్వర్లలో ఒకానొక ప్రాసెసర్‌లో, ఒక కోర్ మాత్రం 0 అనేది. ఆ లెక్క ఫైలు సైజుకి సంబంధించింది. సైజు సున్నా అన్నాక ఫైలు లేదన్నట్టే కదా, డేటాబేసులో వరసలు మాయం. అదే ఏడాది గూగుల్ వాళ్ళు కూడా, కొన్ని వేల మెషీన్లకి కొన్ని చొప్పున ఇలా నోరు జారే కోర్లు తమకీ తగులుతున్నాయని రాశారు. ఫ్యాక్టరీ సెట్టింగుల్లో, ఏసీ గదిలో, జీతాలిచ్చి మనుషుల్ని కాపలా పెట్టుకున్న వాళ్ళ పరిస్థితే ఇది. మనం మే నెలలో విజయవాడలో మూడో అంతస్తు గదిలో కూర్చుని, ఆ ఉన్న కాస్త మార్జిన్ కూడా తీసేస్తున్నాం.

మార్జిన్ అన్నాను కాబట్టి కాస్త చరిత్ర. ఓవర్‌క్లాకింగ్‌కి ఒక స్వర్ణయుగం ఉండేది, కాదన్ను. 1998 లో వచ్చిన సెలెరాన్ 300ఎ ని బస్సు స్పీడు 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది. 2000 లో ఏఎమ్‌డీ డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్పుల మీదుండే చిన్న చిన్న బ్రిడ్జీల్ని మామూలు పెన్సిల్‌తో గీసి కలిపితే మల్టిప్లయర్ లాక్ ఊడొచ్చేది. క్యూ6600 ని 266 నుంచి 333 కి లాగితే 2.4 గిగాహెర్ట్జ్ చిప్పు 3 మీద పరిగెత్తేది. 2011 లో ఐ5-2500కె ని 3.3 నుంచి 4.5 దాకా తీసుకెళ్ళడం పెద్ద విద్యేమీ కాదు. అప్పట్లో ఇది సాధ్యపడటానికి కారణం మన ప్రతిభ కాదు. కంపెనీవాడు గట్టి చిప్పుని కూడా మార్కెట్ అవసరం కొద్దీ తక్కువ స్పీడు లేబులేసి అమ్మేవాడు. ఆ మిగులు మనకి అప్పనంగా దొరికేది.

ఇప్పుడా మిగులు ఎక్కడికి పోయింది? టర్బో పేరుతో కంపెనీవాడే తినేశాడు. ఐ9-14900కె ఫ్యాక్టరీ నుంచే 6 గిగాహెర్ట్జ్ టర్బోతో వచ్చింది. చెరకు రసం బండివాడు గడని మడతపెట్టి నాలుగుసార్లు పిండేశాక మిగిలిన పిప్పిని మన చేతిలో పెట్టినట్టు. మనం దాన్ని ఐదోసారి పిండి, రెండు చుక్కలు రాలితే ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టుకుంటున్నాం.

ఆ నాలుగో పిండుడు దగ్గరే ఏం జరిగిందో 2024 లో చూశాం కదా. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులున్న వాళ్ళకి గేములు పడిపోవడం మొదలైంది. వచ్చే మెసేజీ ఏమిటయ్యా అంటే "వీడియో మెమరీ చాలట్లేదు" అని. జనం గ్రాఫిక్స్ కార్డుని తిట్టారు, డ్రైవర్లని తిట్టారు, గేము రాసినవాళ్ళని తిట్టారు. తీరా చూస్తే ప్రాసెసర్ డీకంప్రెషన్ లెక్క తప్పు చేస్తోంది. హార్డ్‌వేర్ అబద్ధమాడితే మాట పడేది సాఫ్ట్‌వేర్ వాడే, ఈ సంగతి మన వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా? మదర్‌బోర్డు కంపెనీలు పోటీ పడి పవర్ లిమిట్లు ఎత్తేసిన డిఫాల్టులు పెట్టాయని మొదట ఒక వాదన నడిచింది. తర్వాత ఇంటెల్ తన మైక్రోకోడే అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని జులై 2024 లో ఒప్పుకుంది. ఆగస్టులో 1.55 వోల్టులు దాటి అడక్కుండా 0ఎక్స్129 మైక్రోకోడ్ ఇచ్చింది, ఆ తర్వాత మరికొన్ని ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. కోర్ లోపలి క్లాక్‌ట్రీ సర్క్యూటు ఎక్కువ వోల్టేజీకీ వేడికీ ముందే ముసలిదైపోతోందని సెప్టెంబరులో తేల్చింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఏ ప్యాచూ బాగు చెయ్యలేదు, మార్చుకోవాల్సిందే.

ఇందులో యూజర్ల తప్పు ఇసుమంత కూడా లేదు. డిఫాల్టులో వాడినవాళ్ళకీ జరిగింది. నేను దీన్ని ఎత్తుకోవడానికి కారణం వేరు. వోల్టేజీ ఎక్కువైతే చిప్పు ఎలా పాడవుతుందో ఇంతకన్నా పెద్ద ఎత్తున ఎవరూ చూపించలేరు. పొగ రాలేదు, వాసన రాలేదు. నెలల తరబడి మామూలుగా నడిచి, మెల్లగా అబద్ధాలు మొదలెట్టింది. మీరు మాన్యువల్‌గా 1.45 వోల్టులు పెట్టుకుని "టెంపరేచర్ 75 దాటట్లేదు కదా" అని ధీమాగా ఉన్నారే, ఆ ధీమాకి ఆధారమేమిటి? వేడి ఒక్కటే శత్రువు కాదు. వోల్టేజీ దాని పని అది చేసుకుంటూ పోతుంది.

కాలిపోవడం బొత్తిగా లేదనీ అనను. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని నిజంగానే సాకెట్‌తో సహా మాడిపోయాయి. ఎక్స్‌పో మెమరీ ప్రొఫైల్ ఆన్ చెయ్యగానే కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని తమంతట తామే పైకి తోసేశాయి. ఆ తర్వాత 1.3 వోల్టుల దగ్గర పరిమితి పెట్టి బయోస్ అప్‌డేట్లు వచ్చాయి. గమనించండి, అక్కడ కూడా వాళ్ళలో చాలామంది "ఓవర్‌క్లాకింగ్ చేస్తున్నాం" అనుకోలేదు. మెమరీ డబ్బా మీద రాసిన స్పీడు వస్తుందని ఒక బటన్ నొక్కారంతే. ఎక్స్ఎమ్‌పీ, ఎక్స్‌పో కూడా ఓవర్‌క్లాకింగే అన్న ముక్క ఎంతమందికి తెలుసు? భయస్తుల పార్టీ వాళ్ళు ఈ పాటికి ఉలిక్కిపడి ఉండాలి. "నేను ఓవర్‌క్లాక్ చెయ్యను" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పే మీ మెషీన్ కూడా ఓవర్‌క్లాక్ అయ్యే ఉండొచ్చు. షాపువాడు అసెంబుల్ చేసి ఎక్స్ఎమ్‌పీ ఆన్ చేసి ఇచ్చుంటాడు, బోర్డువాడు "ఎన్‌హాన్స్‌మెంట్" అని ఒక ముద్దుపేరు పెట్టి ఇంకోటి ఆన్ చేసి ఉంటాడు.

ఇహ కంపెనీల ద్వంద్వ నీతి. పేరు చివర "కె" అని తగిలించి, మల్టిప్లయర్ లాక్ తీశామని చెప్పి ఎక్కువ ధర తీసుకుంటారు. తీసుకుని వాడితే వారంటీ చెల్లకపోవచ్చంటారు. 2012 లో ఇంటెల్ దీనికోసం విడిగా ఒక ఇన్సూరెన్స్ లాంటి ప్లాను అమ్మింది, ఓవర్‌క్లాక్ చేసి పాడుచేసుకున్నా ఒకసారి మార్చి ఇచ్చేట్టు. 2021 లో అదీ ఎత్తేసింది. కారు అమ్మి, ఐదో గేరుకి అదనంగా పుచ్చుకుని, ఆ గేరు వేస్తే గ్యారంటీ లేదనడం లాంటిది ఇది. బోర్డుల వాళ్ళు ఇంకో రకం. రివ్యూల్లో ఒక శాతం ముందుండటం కోసం డిఫాల్టులే పైకి పెట్టి, పాడైతే చిప్పువాడి వైపు వేలు చూపిస్తారు. కాబట్టి వీళ్ళెవరూ మన తరఫున "సేఫ్" అన్న మాటకి పూచీ పడరు. పడాల్సింది మనమే.

మరి అసలు చెయ్యొద్దంటావా అనకండి. చెయ్యండి, శుభ్రంగా చెయ్యండి. సొంత మెషీన్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చదువు లేదు. కాకపోతే ఇంజనీరులా చెయ్యండి. నా పద్ధతి ఇదీ:

1. ముందు డిఫాల్టుకి రండి. బయోస్ కొత్తది వేసి, బోర్డువాడి సొంత పెంపకాలన్నీ ఆపి, చిప్పు కంపెనీ చెప్పిన లిమిట్లు పెట్టి, అక్కడ మీ అసలు పని ఎంతసేపు పడుతోందో కొలవండి. సినీబెంచ్ స్కోరు కాదు, మీ బిల్డు టైము, మీ వీడియో ఎన్‌కోడింగ్ టైము. బేస్‌లైన్ లేని ఆప్టిమైజేషన్ ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

2. ఒకసారికి ఒక్కటే మార్చండి. మెమరీ ముందు. ఎక్స్ఎమ్‌పీ ఆపి రాత్రంతా మెమ్‌టెస్ట్86+, తర్వాత ఆన్ చేసి ఇంకో రాత్రి. మెమరీ మీద నమ్మకం కుదరకుండా ప్రాసెసర్ ముట్టుకుంటే, తప్పు ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

3. వోల్టేజీని "ఆటో"కి వదిలేసి స్పీడు పెంచకండి. ఆటో అంటే బోర్డువాడి ఇష్టం, వాడికి కావాల్సింది మీ మెషీన్ బూట్ అవడం, పదేళ్ళు బతకడం కాదు. పరిమితి ముందే మీరే రాసిపెట్టుకుని 100 మెగాహెర్ట్జ్ చొప్పున కదలండి. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్‌ని ఆఖరి మెట్టుకి తోసేయకండి, లోడు ఒక్కసారిగా తగ్గినప్పుడు వోల్టేజీ మీరు పెట్టినదానికన్నా పైకి ఎగిరిపడుతుంది.

4. టెస్టులు మీ సిస్టమ్ డిస్కు మీంచి చెయ్యకండి. పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ వేసుకుని, అసలు డిస్కు కేబులు పీకేసి మొదలెట్టండి. అస్థిరంగా ఉన్న ప్రాసెసర్ ఫైల్‌సిస్టమ్ మీద ఏం రాస్తుందో దానికే తెలీదు. బ్యాకప్పు కూడా ముందే తీసుకోండి. తర్వాత తీస్తే చెడిపోయిన డేటానే భద్రంగా దాచుకున్నట్టవుతుంది.

5. జవాబు సరిచూసే టెస్టే టెస్టు. ప్రైమ్95 గొప్పతనం అది వేడెక్కించడంలో లేదు, తెలిసిన జవాబుతో పోల్చి చూడటంలో ఉంది. పెద్ద ప్రధాన సంఖ్యల వేట కోసం పుట్టిన ప్రోగ్రామది. ఆ ప్రాజెక్టు వాళ్ళు ఇళ్ళలోని కంప్యూటర్ల లెక్కని గుడ్డిగా నమ్మక, ఏళ్ళ తరబడి ఒక్కో ఫలితాన్నీ వేరే మెషీన్‌లో మళ్ళీ లెక్కించేవాళ్ళు. "రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ రావాలి" అన్న ఆ ఒక్క లైను కనిపించిందంటే మీ ఓవర్‌క్లాక్ అబద్ధమని అర్థం, గేము ఎంత సాఫీగా ఆడినా సరే. వై-క్రంచర్ కూడా పెట్టండి. మీ సొంత ప్రాజెక్టుని ఇరవైసార్లు బిల్డు చేసి హ్యాష్‌లు పోల్చండి, బిల్డు ఎప్పుడు చేసినా ఒకే అవుట్‌పుట్ వచ్చేదైతే ఇరవై హ్యాష్‌లూ ఒకటే అవ్వాలి.

6. లాగులు చదవండి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఈవెంట్ 19 ఉందేమో చూడండి. తప్పు జరిగింది, ఈసారికి సర్దేశాం అని దానర్థం. లినక్స్‌లో అయితే కెర్నల్ లాగులో "హార్డ్‌వేర్ ఎర్రర్" అని వస్తుంది. సర్దేశారు కదా అని వదిలెయ్యకండి, సర్దలేనిది వెనకాలే వస్తోంది.

7. అంచు ఎక్కడో తెలిశాక అక్కడే కాపురం పెట్టకండి. ఒకటి రెండు మెట్లు కిందకి దిగండి. చిప్పు ముసలిదవుతుంది, థర్మల్ పేస్టు ఎండుతుంది, ఫ్యాన్లో దుమ్ము పడుతుంది. రివ్యూల్లో చూసే టెంపరేచర్లు చల్లటి గదిలోవి. 22 డిగ్రీల గదిలో 80 చూపించిన కూలరు 38 డిగ్రీల గదిలో 96 చూపిస్తుంది, దానికి గదిని మించి చల్లబరిచే మంత్రం రాదు. జనవరిలో పాసయిన టెస్టు మేలో మళ్ళీ రాయించండి.

వోల్టేజీ తగ్గించే అండర్‌వోల్టింగ్ సేఫే కదా అనేవాళ్ళకి ఒక హెచ్చరిక. నిజమే, చిప్పు ఆయుష్షుకి అది మంచిదే. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 30 పెట్టేసి వేడి తగ్గిందని, స్పీడు పెరిగిందని మురిసిపోతారు. కానీ నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్న ప్రమాదం అక్కడా అంతే ఉంది. అంతే కాదు, దాక్కుని ఉంటుంది. కోర్లన్నీ కష్టపడుతున్నప్పుడు స్పీడు తగ్గి ఉంటుంది కాబట్టి అన్ని టెస్టులూ పాసవుతాయి. అర్ధరాత్రి మెషీన్ ఖాళీగా ఉండి, ఒకే కోరు ఒక్క క్షణం పూర్తి బూస్టుకి ఎగిరినప్పుడు పడిపోతుంది. ఒక్కో కోరునీ విడివిడిగా తిప్పి పరీక్షించే కోర్‌సైక్లర్ లాంటి పనిముట్లు అందుకే పుట్టాయి. ఒక రాత్రి పెట్టి వదిలెయ్యండి.

ఆఖరికి లాభం సంగతి. ప్రాసెసర్ తాగే కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి నేరుగా, వోల్టేజీని బట్టి దాని వర్గంలో పెరుగుతుంది. 10 శాతం స్పీడు కోసం 1.2 నుంచి 1.32 వోల్టులకి వెళ్ళారనుకుందాం. 1.1 ని 1.21 తో గుణిస్తే 1.33. అంటే పదో వంతు స్పీడుకి మూడో వంతు అదనపు కరెంటు, అదనపు వేడి, లీకేజీ ఇంకా కలపలేదు. పది నిమిషాల బిల్డు మహా అయితే 9 నిమిషాల 5 సెకన్లకి దిగుతుంది, అదీ ఆ పనంతా ప్రాసెసర్ మీదే ఆధారపడితే. ఆ 55 సెకన్లు మీకు ముద్దయితే తీసుకోండి, మీ ఇష్టం. కానీ దాని ఖరీదులో పైన రాసిన ఏడు మెట్లూ కలిపే లెక్కేసుకోండి. అవి ఎగ్గొట్టి తీసుకున్న 55 సెకన్లు లాభం కాదు, అప్పు. ఎప్పుడు, ఏ ఫైలు రూపంలో వసూలు చేసుకుంటుందో తెలీని అప్పు.

గేముల మెషీన్ ఒకటి, పని మెషీన్ ఒకటి విడివిడిగా ఉన్నవాళ్ళు మొదటి దానితో ఎన్ని విన్యాసాలైనా చేసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మనలో చాలామందికి ఉన్నది ఒకటే డబ్బా. పాప పుట్టినప్పటి ఫోటోలూ అందులోనే, ఇన్‌కంటాక్సు కాగితాలూ అందులోనే, అర్ధరాత్రి ప్రొడక్షన్‌కి పంపే బిల్డూ అందులోనే. అలాంటి డబ్బాకి రెండే దారులు. టెస్టు చేసే ఓపిక ఉంటే పెంచుకోండి. లేదంటే డిఫాల్టులో ఉంచండి, అందులో నామోషీ ఏమీ లేదు. "ఇంతవరకూ ఏం కాలేదు" అన్నది మాత్రం టెస్టు రిపోర్టు కాదు. ఆఫీసులో ఆ వాక్యం రాసి సైనాఫ్ అడిగితే మీరే వెనక్కి పంపేస్తారు, ఇంట్లో మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నారు?